నరం అన్నందుకు

ఇది పగతో రాస్తున్నాను. ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద. జబ్బు నుంచి లేచినవాళ్లు రాసే వ్యాసాల్లో ఆఖరికి అందరినీ క్షమించెయ్యడం ఒక ఆచారమైపోయింది. ఆచారాలతో నాకున్న పేచీ ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు.

విషయం ఇది. చిన్నప్పుడు నా గుండెకు వేసిన అతుకు గొట్టం ముప్ఫై అయిదో ఏట మూసుకుపోవడం మొదలుపెట్టింది. అది మూసుకుపోతున్న ఎనిమిది నెలలూ రాయచూరులో ఒక డాక్టరు నాకు నరాల బలహీనత అని చెప్పి సూదులు వేశాడు. నేను చావలేదు. చావలేదు కాబట్టి ఆయన నుంచి నాకు ఒక మాట రావాలి. క్షమాపణ అక్కర్లేదు. "నేను చూడలేదు" అని, నలుగురు వింటుండగా, ఆయన నోటితో అనాలి. ఆసుపత్రి మంచం మీద ఉన్నన్నాళ్లూ మందుల కన్నా ఈ కోరికే నన్ను ఎక్కువగా లేపి కూర్చోబెట్టింది. ఆ మాట కోసం నేనేం చేశానో, అది చివరికి ఎవరికి దక్కిందో చెబుతాను. మధ్యలో నా తప్పు కూడా వస్తుంది. దాన్ని నేను దాచితే ఆయన బయటపెడతాడు. అందుకని దాచడం లేదు.

మొదలు రాయచూరు పక్క శక్తినగర్‌లో. థర్మల్ ప్లాంటు మూడో యూనిట్ కడుతున్న రోజులు. నాన్న అక్కడ స్టోర్సులో గుమాస్తా. నాకు నాలుగేళ్లప్పుడు పదిహేను రోజులు విడవకుండా జ్వరం వచ్చిందట. కళ్లు, నాలుక ఎర్రబడ్డాయట. తగ్గాక వేళ్ల కొసల నుంచి చర్మం ఉల్లిపొరలా ఊడిందట. అమ్మవారు పోసిందన్నారు, వేపాకులు పరిచారు. జ్వరం దానంతటది పోయింది, పోతూ నా గుండెకు రక్తం తెచ్చే గొట్టాలను పాడుచేసి పోయింది. ఆ సంగతి అయిదేళ్ల తర్వాత, బడి మైదానంలో పరిగెత్తుతూ నేను బోర్లా పడ్డాక తెలిసింది. మద్రాసు తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు తమిళం కలిసిన తెలుగులో నాన్నకు వివరించాడు: "కాలిలోంచి ఒక నరం తీసి హార్టుకి వేస్తాం."

నరం. మా ఇంట్లోకి ఆ మాట అలా వచ్చింది. మంచి మనిషి, మంచి ఉద్దేశంతో, భాష రాని వాళ్లకు అర్థం కావాలని వాడిన మాట. ఆయన మీద నాకు పగ లేదు. ఆయన చెయ్యి మంచిది. ఆ అతుకు ఇరవై ఆరేళ్లు నన్ను మోసింది.

పగ మా పెద్దత్త మీద ఉంది. నాన్నకు అక్క, మా ఇంటికి పెద్ద. ఆమె పోయి పదేళ్లయింది. పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు. ఎందుకు అనకూడదో ఎవరూ చెప్పరు. మద్రాసు నుంచి దిగిన మూడో రోజున ఆమె నా ఆసుపత్రి కాగితాలన్నీ, ఎక్స్‌రేలతో సహా, పసుపు గుడ్డలో కట్టింది. బండి కట్టించుకుని వంతెన దగ్గరికి పోయి కృష్ణలో వదిలి వచ్చింది.

"రోగం కాగితాలు ఇంట్ల పెట్టుకుంటే రోగం ఇల్లు మరువదురా," అందట.

పెద్దయ్యాక నాన్నను నిలదీశాను. "నువ్వు స్టోర్సుల పని చేసినోనివి. ఒక్క బోల్టు పోతే రిజిస్టర్ తిరగేస్తవు. నా కాగితాలు పోతుంటే ఎట్ల ఊకున్నవు?"

"మీ అత్త ముంగట నేనేం మాట్లాడ్త? నువ్వు బతికినవు, అదే శానా అనుకున్న."

"దాంట్ల ఏం రాసిండ్రు?"

"ఇంగ్లీషు. ఏటేటా తీసుకరమ్మన్నడు డాక్టరు. రెండేండ్లు ఉత్తి చేతుల్తోని పోయినం. మంచిగ ఉరుకుతుంటివి. మల్ల ఎందుకని..."

అంతే. కాగితాలు నీళ్లపాలయ్యాయి, మాట మాత్రం ఇంట్లో మిగిలింది. కోత పెట్టింది ఎడమ కాలికి. దాంతో "వానికి ఎడమ దిక్కు నరం లేదు" అని పెద్దత్త ఊరంతా చెప్పింది. ఎడమ చేత్తో బిందె ఎత్తనిచ్చేవాళ్లు కాదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే నిద్రలోనే తిప్పేసేవాళ్లు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కినా, ఎడమ కన్ను అదిరినా, కారణం ఒకటే. ఆఖరికి నా పెళ్లి మాటల్లో కూడా ఆమె దాన్ని వదల్లేదు. నా భార్య పద్మ వాళ్లది సింధనూరు దగ్గర కాలవ కింద వరి పండించే క్యాంపు, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. మా మామగారితో పెద్దత్త, "పిల్లగాడు బంగారం. ఎడమ నరం ఒక్కటే తక్కువ," అంది. ఆయన బిత్తరపోయి, "నరం తక్కువేంటండీ అమ్మగారూ, కుట్టుమిషనుకి దారం తక్కువైనట్టు?" అన్నాడు. నవ్వులు. పెళ్లయింది.

ఈలోగా నేను హేతువాదినయ్యాను. రాయచూరులో రిటైరైన ఒక హెడ్మాస్టరు ఆదివారాలు నడిపిన చర్చా వేదికలో తయారైనవాణ్ణి. ఆయన మాకు నేర్పింది ఒకే ఒక్క ఆయుధం: అవతలివాడి మాటకు అర్థం అడుగు. ఆత్మ అంటే ఏమిటో ముందు చెప్పండి. మహిమ అంటే దేన్నంటారు? ఆ ప్రశ్నలతో లింగసుగూరు దాకా వేదికలెక్కి ఎంతమందిని కూర్చోబెట్టానో లెక్కలేదు. చివర్లో, జనం వేడెక్కాక, నా సొంత కథ తీసేవాణ్ణి.

"నన్ను బతికించింది ఏ స్వామీ కాదు. నా కాలి నరం తీసి నా గుండెకు కుట్టిన ఒక మనిషి. దేవుడు చెయ్యలేనిది కత్తి చేసింది. ఒక్కసారే, శాశ్వతంగా!"

చప్పట్లు. పదిహేనేళ్లు అదే వాక్యం, అవే చప్పట్లు. "శాశ్వతంగా అని మీకెవరు చెప్పారు?" అని ఎదురుపక్షంలో ఒక్కడు కూడా అడగలేదు. "నరం అంటే ఏమిటి?" అని అడగలేదు. నా ప్రత్యర్థులు ఇంకొంచెం తెలివైనవాళ్లయి ఉంటే నేను ఇంకొంచెం ముందు ఆసుపత్రికి పోయేవాణ్ణి.

జులై. ప్లాంటులో ఎనిమిది యూనిట్లూ నడుస్తున్న కాలం, నేను యరగేర హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. పైఅంతస్తులో పదో తరగతి. మెట్లెక్కి వెళ్లి బోర్డు మీద రెండు లైన్లు రాసేసరికి ఎడమ చెయ్యి భుజం నుంచి చిటికెన వేలి దాకా గుంజడం మొదలయ్యేది. కింది దవడలో పంటినొప్పి లాంటిది వచ్చేది, పన్ను ఏదో తెలిసేది కాదు. రెండు నిమిషాలు కుర్చీలో కూర్చుంటే పోయేది. గుండె అని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. గుండె బాగుపడిపోయిన వస్తువు, అది ఉపన్యాసాల్లోది. ఇది ఎడమ చెయ్యి. ఎడమ పక్క నరం లేదు కదా.

పద్మ కూడా, "నరం తీసిన వైపేగా, వయసు వచ్చేకొద్దీ లాగుతుందేమోనండీ," అంది. నాన్న అదే అన్నాడు. స్టాఫ్ రూములో అందరూ అదే అన్నారు. మా ఊళ్లో ఇంకో సౌకర్యం ఉంది. తెలుగులో నరం, కన్నడలో నర, దక్కనీ ఉర్దూలో నస్. మూడు భాషలు కలిపి మాట్లాడతామని గర్వపడతాం కాని, రక్తం పారే గొట్టానికీ, స్పర్శ మోసే తీగకూ మూడింట్లోనూ జనం నోట్లో ఉన్నది ఒకటే మాట. ఏ భాషలోకి దూకినా అదే గోతిలో పడతాం.

అలా నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన పేరు రాయను. ఊళ్లో అందరూ నరాల డాక్టరనే అంటారు, బోర్డు మీదా అదే ఉంటుంది. ఒకటే గది. అడ్డంగా సగం పరదా, ఇవతల పొడుగాటి బెంచీ. లోపల చెప్పింది బెంచీ అంతా వింటుంది, అభిప్రాయం కూడా చెబుతుంది.

"ఏం మేష్ట్రే, ఏమైతుంది?"

"ఎడమ చెయ్యి గుంజుతుంది డాక్టర్‌గారూ. మెట్లెక్కితే ఎక్కువ. చిన్నప్పుడు ఎడమ దిక్కు నరం తీసి ఆపరేషన్ చేసిండ్రు."

"ఎన్నేండ్లప్పుడు?"

"తొమ్మిది."

"మరి? గప్పటి నుంచి నర వీక్ ఉంటది. సుమ్నె, ఉత్తగ భయపడకుండ్రి. వారం వారం సూది ఏసుకుంటె సరిపోతది."

చెవుల గొట్టం పెట్టాడు. చొక్కా మీదే పెట్టాడు, జేబు మీద. జేబులో నా ఎర్రసిరా పెన్ను ఉంది. ఆయన విన్నది ఆ పెన్ను గుండె చప్పుడు. తర్వాత పిరుదుకు ఎర్రటి సూది.

ఇంటికొచ్చాక పద్మ అడిగింది. "చొక్కా విప్పించి చూశాడాండీ?"

"చెయ్యి నొప్పికి అంగీ ఎందుకు ఇప్పమంటడు?" అన్నాను.

ఆమె వంటింట్లోకి పోయింది. ఆ చర్చలో నేనే గెలిచాను.

దసరా సెలవులకు మామగారి క్యాంపుకు వెళ్లేసరికి గట్టు మీద వంద గజాలు నడవలేకపోయాను. వరి ఈనుతోంది, గాలి చల్లగా ఉంది, నాకు ముచ్చెమటలు పోశాయి. మామగారు పక్కన కూర్చుని మెల్లిగా కదిపారు. "ఒక్క మొక్కు మొక్కుకుంటే పోయేదేముందండీ అల్లుడుగారూ?"

"పోయేది నా మాట."

పద్మకు కోపం రావడం నేను ఎక్కువసార్లు చూడలేదు. "మీ మాట, మీ మాట! మనిషే పోతే ఆ మాటని నేనేం చేసుకోనండీ? తాలింపు పెట్టుకోనా?"

తిరిగొచ్చాక నా దిండు కింద పసుపు దారం దొరికింది. కిటికీలోంచి విసిరేశాను. నాలుగు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, వెళ్లిపోయేది. ఇంట్లో మూఢనమ్మకం ఎక్కడ దాక్కుందో అని దిండ్ల కింద వెతికినవాణ్ణి, నా ఎడమ చేతిలో ఇరవై ఆరేళ్లుగా కాపురమున్న దాన్ని చూడలేదు. కాలి గొట్టం తీస్తే చెయ్యి ఎందుకు గుంజుతుందని ఒక్క పూట ఆలోచిస్తే చాలు, అది కూలిపోయేది. ఆలోచించలేదు. ఇది నా తప్పు. నేనే చెబుతానన్నాను కదా.

జనవరికి సూదులు వారానికి రెండయ్యాయి. ఒక రోజు పరదా దాటేలోపే గసపెట్టి బెంచీ చివర కూర్చుండిపోయాను. డాక్టరు లోపలి నుంచే చూసి, అందరికీ వినపడేలా అన్నాడు:

"మేష్ట్రే, జర దేవుణ్ణి తిట్టుడు బంద్ చేయుండ్రి. దేవుణ్ణి తిట్టేటోళ్లకు నరాలు తొందరగ వీకైతయి!"

బెంచీ మొత్తం నవ్వింది. నేను ఎన్ని సభల్లో ఎంతమందిని ఇలా నవ్వుల పాలు చేశానో గుర్తొచ్చింది. అయినా సహించలేకపోయాను. నా పగ పుట్టింది ఆ నవ్వులో. తర్వాత జబ్బు దానికి కారణాలు సమకూర్చింది.

మార్చి. పరీక్షల డ్యూటీ. పేపర్ల కట్ట పట్టుకుని మెట్లెక్కుతుంటే ఛాతీ మీద ఎవరో రోకలి అడ్డంగా పెట్టి రెండు వైపులా ఎక్కి కూర్చున్నట్టయింది. ఈసారి కూర్చున్నా పోలేదు. లెక్కల మాస్టరు మౌలా నన్ను పట్టుకున్నాడు. "అరే సాబ్, మొహం సున్నం తీర్గైంది. నస్ లేదు గిస్ లేదు, చల్ దవాఖానకు!" అని తన కారులో వెనక సీట్లో పడేసి, రాయచూరు దాకా ఒక చేత్తో హారన్ కొడుతూనే తీసుకొచ్చాడు. సర్కారు దవాఖానలో డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ, బెళగావి వైపు పిల్ల, తెలుగు అంతంతమాత్రం. ఆమె నన్ను ఏమీ అడగలేదు. వచ్చీరాగానే గుండీలు తనే విప్పేసింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. గొంతు కింది నుంచి పొట్ట దాకా నిలువునా తెల్లటి మచ్చ.

"ఇదేంటి సార్?"

"నరం... ఆపరేషన్."

"నర కాదు సార్! ఇది హార్టు ఆపరేషన్ మచ్చ. నర ఎక్కడుంది ఇక్కడ?"

ఆ మంచం మీద, ఆ రోకలి కింద, అర్థం అడిగే నా ఆయుధాన్ని ఆ పిల్ల నా మీదే ఎక్కుపెట్టింది. నా జీవితంలో నన్ను ఎవరైనా వాదంలో ఓడించారంటే ఆమే. నాలుక కింద మాత్ర పెట్టింది, తీగలు తగిలించింది, అంబులెన్సులో హైదరాబాదు పంపింది. బయల్దేరేముందు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రెండు లైన్లు ఇంగ్లీషులో రాసి పద్మ చేతిలో పెట్టింది. "ఎవరు అడిగినా నోటితో చెప్పొద్దమ్మా. సార్‌ను అస్సలు చెప్పనియ్యొద్దు. ఇది చూపించండి."

దారి పొడుగునా పద్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉంది. మహబూబ్‌నగర్ దాటాక అడిగాను, "మొక్కుకుంటున్నవా?" అని. "మీరు నోరు మూసుకోండి," అంది. మొక్కుకుంటోందని అర్థమైంది. నేను నోరు మూసుకున్నాను.

హైదరాబాదులో తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపించి గుండె గొట్టాలను తెర మీద చూశారు. నాకు మెలకువగానే ఉంది. ఇద్దరు డాక్టర్లు పాత అతుకు ఎక్కడ మొదలవుతుందో వెతుకుతున్నారు. ఒకచోట, ఇంకోచోట. మందు పంపినప్పుడల్లా ఒళ్లంతా వేడిగా పొంగేది. ఎక్కువ మందు పంపకూడదని వాళ్లలో వాళ్లు అనుకోవడం వినపడింది. ఒకాయన నా తల దగ్గరికి వంగాడు.

"పాత ఆపరేషన్ కాగితాలు ఉన్నాయా? అతుకు ఎక్కడ వేశారో తెలిస్తే ఇంత వెతకక్కర్లేదు."

"కృష్ణలో ఉన్నాయి."

ఆయన జోకనుకున్నాడు. పెద్దత్తా, నువ్వు ఆ గదిలో ఉండాల్సింది. ఆ బల్ల మీద కదలకుండా పడుకుని నిన్ను తిట్టినన్ని తిట్లు నేను ఏ దేవుణ్ణీ తిట్టలేదు.

దొరికింది. మొదట్లో వేలి కణుపంత మొండి ముక్క, ఆ తర్వాత ఏమీ లేదు. మర్నాడు పెద్ద డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. "కాలి సిర పల్చటిదండీ. గుండె దగ్గరి ఒత్తిడికి పుట్టింది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ లోపల మందమై మూసుకుపోతుంది. మీది చాలా కాలం పనిచేసింది. ఏటా చూపించుకుని ఉంటే ముందే తెలిసేది."

"సిర అన్నారు. నరం కాదా?"

"నరమా? నరంతో ఏం చేస్తామండీ గుండెకి?" అని ఆయన నవ్వాడు.

ఆత్మ అంటే ఏమిటో చెప్పమని ఊరూరా అడిగినవాణ్ణి. గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎడమ పక్కకే.

రెండోసారి ఛాతీ తెరవాలన్నారు. ఈసారి ఛాతీ గోడ లోపలి ధమనిని దించి కుడతారట, అది నిలుస్తుందట. పాత కోత మీద మళ్లీ కోత కాబట్టి ప్రమాదం ఎక్కువన్నారు. భయపడ్డాను. హేతువాదులు భయపడరని ఎవరైనా అంటే నమ్మకండి. మాకు మిగిలేది భయం ఒక్కటే, దాన్ని పంచుకోవడానికి పైన ఎవరూ ఉండరు. రక్తం కావాలంటే మామగారి క్యాంపు నుంచి జీపులో ఏడుగురు కుర్రాళ్లు వచ్చారు. దారిలో గుడి దగ్గర ఆగి వచ్చినట్టున్నారు, నుదుట కుంకుమ తడి ఆరలేదు. నన్ను చూసి బొట్లు తుడుచుకోబోయారు. వద్దన్నాను. నాకు ఎక్కింది వాళ్ల రక్తమేనని చెప్పలేను, బ్యాంకులో ఎవరిది ఎవరికి పోతుందో తెలియదు. ఎవరికి పోయినా మంచి రక్తం.

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది ఏమీ లేదు. తర్వాత సంగతి తెలుసు. దగ్గితే ఛాతీ రెండు పలకలుగా విడిపోతుందనిపించేది. పద్మ దిండు తెచ్చి నా గుండెకు ఆనించి తన రెండు చేతులతో అదిమి పట్టేది, అప్పుడు దగ్గేవాణ్ణి. ఆ దిండు కింద ఏముందో నేను వెతకలేదు.

పదో రోజున వరండాలో నడిపించారు. మెట్లు ఎక్కించి చూశారు. పన్నెండు మెట్లు. చెయ్యి గుంజలేదు. పన్నెండో మెట్టు మీద నిలబడి, రాయచూరు నరాల డాక్టరు చేత ఆ మాట ఎలా అనిపించాలో నిర్ణయించుకున్నాను.

ఇది చదివేవాళ్లలో ఒంటి మీద పాత కోత ఉన్నవాళ్లు ఉంటారు. డాక్టరు అడగకపోయినా చొక్కా విప్పండి. మీ జబ్బుకు ఇంట్లో పెట్టిన పేరు చెప్పకండి, నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించండి. పిల్లల ఆసుపత్రి కాగితాలు ఎవరైనా నీళ్లలో వదలబోతే చెయ్యి పట్టుకోండి, వాళ్లు మీ ఇంటికి ఎంత పెద్దవాళ్లయినా సరే.

మళ్లీ జులై. పద్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఎముక ఇంకా అతుక్కోవాలన్నారు. గొడవకెళ్తే నేనొప్పుకోను."

"గొడవ కాదు. ఒక ప్రశ్న."

"మీ ప్రశ్నలు నాకు తెలుసండీ," అంది, కాని తప్పుకుంది.

బెంచీ నిండుగా ఉంది. చివర నా పక్కన ఇడపనూరు నుంచి వచ్చిన ముసలామె కూర్చుంది. నా వంతు రాగానే పరదా అవతలికి పోకుండా, దాన్ని పక్కకు లాగేసి గది మధ్యలో నిలబడ్డాను.

"ఓ మేష్ట్రే! శానా దినాలాయె. నరాలెట్లున్నయి?"

"నరాలు మంచిగున్నయి డాక్టర్‌గారూ. ఎప్పుడూ మంచిగనే ఉండె."

చొక్కా విప్పాను. తెల్లటి పాత గీత మీద ఎర్రటి కొత్త గీత. హైదరాబాదు కాగితాలు బల్ల మీద పరిచాను. ఆయన చదివాడు. చదివినంతసేపూ నేను గుండీలు పెట్టుకోలేదు. ఆయన మొహంలో రంగు పోవడం చూడాలని ఎన్నో రోజులు ఎదురుచూశాను, చూశాను. కాని తల ఎత్తాక ఆయన గొంతు గట్టిగానే ఉంది.

"మీరు నరం అన్నరు."

"అన్న. తప్పే. ఇరవై ఆరేండ్లు అదే అన్న. నా తప్పు నేను ఇందరి ముంగట ఒప్పుకుంటున్న. మీరు ఎనిమిది నెలల్ల ఒక్కసారన్న నా అంగీ ఇప్పి చూసిండ్రా?"

"చెయ్యి నొప్పికి అంగీ ఎందుకు ఇప్పమంటం మేష్ట్రే?"

నా వాక్యం, దాదాపు మాట మారకుండా. పద్మకు నేను చెప్పిన జవాబు ఆయన నాకు చెప్పాడు. ఇంతకాలం పదును పెట్టుకున్న పది ప్రశ్నలూ ఆ ఒక్క వాక్యంతో మొద్దుబారిపోయాయి. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఓడిపోయాననుకున్నాను.

అప్పుడు బెంచీ మీది ముసలామె మాట్లాడింది. "అయితె డాక్టరప్పా, నా కాలు గూడ నువ్వు ఎన్నడు సూడకపోతివి."

"నువ్వు తిమ్మిరి అన్నవు కదమ్మా."

"అన్న. తిమ్మిరే. రెండేండ్లాయె, సూది ఏస్తవు, పంపిస్తవు. సెప్పు గూడ ఇప్పమనలే. ఆ మేష్ట్రుకు అంగీ, నాకు సెప్పు. నీకు ఇప్పించుడంటె ఏంది, సిగ్గా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు. రబ్బరు చెప్పు విదిల్చి కాలు బెంచీ మీదికి ఎత్తింది. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు, అంచులు నల్లగా. దానిలో చిన్న రాయి ఇరుక్కుని ఉంది. రాయి ఉన్నట్టు ఆమెకు తెలియదు. చక్కెర జబ్బుతో స్పర్శ పోయిన కాలు. ఆమెకున్నది మాత్రం నిజంగా నరాల జబ్బే.

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నన్ను దాటుకుని, ఆమె ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. పాదాన్ని అరచేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. ఆ కాలికి ఏం జరగవచ్చో నాకంటే ఆయనకు బాగా తెలుసు.

"చూడలేదమ్మా," అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు కాని బెంచీ అంతా విన్నది. "నేను చూడలేదు."

నాకు రావలసిన మాట. నలుగురి ముందు, ఆయన నోటితో, నేను కోరుకున్న మాటల్లోనే. ఆమెకు చెప్పాడు. నా వైపు తల కూడా తిప్పలేదు. దాన్ని ఆమె దగ్గర నుంచి లాక్కునే హక్కు నాకు లేదు. నా పంతం కన్నా ఆమె కాలు ముఖ్యం. అందుకని నేను విన్నది విన్నట్టు ఇక్కడ అచ్చు వేయిస్తున్నాను, ఆయన పేరు లేకుండా, ఆయన చదివితే తెలిసేలా. ఆయనను నేను క్షమించలేదు.

కాంపౌండరు వచ్చి నా మోచేయి తట్టాడు. "సార్, అంగీ తొడుక్కోండి. లైన్ ఆగింది."

"ఆగనీ," అన్నాను. డాక్టరు అప్పటికే లేవబోతున్నాడు.

"రెండో కాలు గూడ చూడుండ్రి."

ఆయన ఒక క్షణం నా కేసి చూశాడు. మళ్లీ గొంతుక్కూర్చుని, ఆమె రెండో చెప్పు తన చేత్తోనే విప్పాడు.